స్కూటరు స్టాండు చప్పుడు

మా బావ కారు నడపడం నేర్పుతాడు. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళను ఎవరిని కదిపినా ఆయన ఓపిక గురించి ఒక కథ చెబుతారు. గేరు మార్చమంటే వైపర్లు ఆడించినవాళ్ళున్నారు. ఎదురుగా లారీ వస్తుంటే స్టీరింగు వదిలేసి రెండు చేతులతో ముఖం కప్పుకున్నవాళ్ళున్నారు. ఎవరు ఏం చేసినా ఆయన గొంతు పెరగదు. తన కాళ్ళ దగ్గరున్న రెండో బ్రేకును మెల్లగా తొక్కి, "ఏం పర్లేదమ్మా, ఆ లారీ వాడికి కూడా ఇంటికెళ్ళాలనే ఉంటుంది" అంటాడు. అందుకని ఆయనకు శాంతం మాస్టారని పేరు పడిపోయింది.

ఆ పేరు ఎవరైనా మా అక్క ముందు అంటే ఆవిడ అవుననేది కాదు, కాదనేది కాదు. వెళ్ళి నీళ్ళు తెచ్చి ఇచ్చేది.

నాకు కొత్తగా ఉద్యోగం వచ్చినప్పుడు కొన్నాళ్ళు వాళ్ళింట్లోనే ఉన్నాను. అప్పుడు తెలిసింది. పగలంతా పరాయివాళ్ళ ముందు మింగిన కోపాన్ని బావ గుమ్మం దాటాక కక్కేవాడు. చెయ్యి చేసుకోవడం మాత్రం ఎప్పుడూ లేదు. తడి తువ్వాలు మంచం మీద ఉందనో, టీవీ గోల ఎక్కువైందనో, ఏమీ లేకపోతే ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉందనో మొదలయ్యేది. కంచం బల్ల అంచు దాకా జారేది. కుర్చీ వెనక్కి పడేది. ఆ తర్వాత మూగనోము. కొన్నిసార్లు అదే మనిషి సంచీ నిండా పళ్ళు తెచ్చి, కూతురిని పక్కన కూర్చోబెట్టుకుని, ఆ రోజు నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళ చేష్టలు చేసి చూపించి కడుపుబ్బ నవ్వించేవాడు. ఏ రోజు ఏ మనిషి వస్తాడో తెలియకపోవడమే అసలు కష్టం.

అందుకే ఆ ఇంట్లో అందరూ చెవులతో బతికారు. మలుపు దగ్గర స్కూటరు చప్పుడు వినబడగానే మాటలు ఆగిపోయేవి. ఇంజను ఆగేది. తర్వాత స్టాండు. మెల్లగా దించితే ఆ పూట గండం గడిచినట్టే. కాలితో ఈడ్చి తన్నితే మా అక్క టీవీ కట్టేసి, బల్ల మీద ఏమున్నా తీసేసి, చీర కొంగు సర్దుకునేది. మేనకోడలు, ఇంట్లో దాన్ని బుల్లి అనేవాళ్ళం, పుస్తకం తెరిచి చదువుతున్నట్టు కూర్చునేది. ఆ పుస్తకం తలకిందులుగా ఉండటం నేను కళ్ళారా చూశాను.

బుల్లి పెరిగి పెద్దదై బొమ్మల చదువు చదువుతానంది. "గోడకి సున్నం వేసేవాడికి కూడా రోజూ పని దొరుకుతుంది, నీకు దొరకదు" అన్నాడు బావ. అది చదివింది. చదువయ్యాక స్నేహితురాళ్ళతో కలిసి ఊరికి అవతలివైపు గది తీసుకుని ఉండిపోయింది. ఇంటికి వచ్చేది, కానీ తండ్రి క్లాసులున్న వేళ చూసుకుని వచ్చేది.

ఒక రోజు నాకు ఫోన్ చేసింది. ఊళ్ళో ఒక ఆర్ట్ గ్యాలరీలో కొత్త కళాకారుల ప్రదర్శన పెడుతున్నారట, అందులో తనకూ ఒక గది ఇచ్చారట. "మావయ్యా, అమ్మని తీసుకురా. నాన్నకి మాత్రం చెప్పకు" అంది. ఏం చేశావే అని అడిగాను. చెప్పింది. బావకు చెప్పనన్నాను.

నిప్పును కొంగున కట్టుకుని ఎంతకాలం నడుస్తాం? కారు నేర్చుకుంటున్న ఒక బ్యాంకు ఉద్యోగిని, సిగ్నలు దగ్గర ఆగి ఉన్నప్పుడు, "మాస్టారూ, మీ అమ్మాయి చేసిన గది చూశాను. చాలాసేపు కూర్చున్నాను. నాకు మా ఇల్లే గుర్తొచ్చింది" అందట. బావ దాన్ని పొగడ్తగా తీసుకున్నాడు. ఇంటికొచ్చి, కూతురు ఇంత పేరు తెచ్చుకుంటే తనకు చెప్పే దిక్కు లేదా అని నవ్వుతూనే నిలదీశాడు. ఆదివారం నన్నూ కలుపుకుని ముగ్గురం వెళ్దామన్నాడు. చొక్కా తనే ఇస్త్రీ చేసుకున్నాడు. ఇవన్నీ అక్క నాకు ఫోన్‌లో గుసగుసగా చెప్పింది. చెప్పి, "నువ్వు తప్పకుండా రా తమ్ముడూ" అని పెట్టేసింది.

ఆ గ్యాలరీ ఒకప్పుడు నూలు గోదాము. పైన ఇనుప దూలాలు అలాగే ఉన్నాయి. గోడలకు తెల్లరంగు వేశారు, నేల మాత్రం పాత సిమెంటే, బస్తాలు ఈడ్చిన గీతలతో సహా. మాట్లాడితే గొంతు నాలుగు మూలలకూ పోయి తిరిగి వస్తోంది. గదిలోంచి గదిలోకి వెళ్ళాలి. బుల్లి గది చిట్టచివర. అక్కడికి చేరకుండా ఎంతసేపు ఆపగలనా అన్నదే నా ఆలోచన. ఈలోగా బావకు ఏదైనా పని గుర్తుకు రావచ్చు, కరెంటు పోవచ్చు, దేవుడు దిగి రావచ్చు.

మొదటి గదిలో గొడుగులు తలకిందులుగా వేలాడుతున్నాయి. వాటి నిండా నీళ్ళు. ఎక్కడెక్కడి కుట్లలోంచో బొట్లు కింద రేకుల మీద పడుతున్నాయి. బావ చేతులు వెనక్కి కట్టుకుని చూశాడు. "మన పెరట్లో రేకు కిందికి వస్తే ఇదంతా ఉత్తినే చూడొచ్చు" అన్నాడు. నేను అవసరమైనదానికంటే గట్టిగా నవ్వాను. అక్క నవ్వలేదు.

రెండో గదిలో గోడ పొడుగునా అరిగిపోయిన సబ్బు ముక్కలు, ఒక్కోదానికీ గాజు పెట్టె, చిన్న దీపం. కొన్ని ఆకంత పల్చగా అయిపోయాయి. ఒకదానికి వెంట్రుక అతుక్కుని ఉంది. అక్క అక్కడ ఆగిపోయింది. "ఇంత అరిగేదాకా వాడారంటే ఎవరో గుట్టుగా సంసారం చేసినవాళ్ళే" అంది. అంత లోపలి మాట ఆవిడ ఆ రోజు అనడం అదే మొదలు. బావ ఆవిడ ముఖంలోకి చూసి, "సబ్బులు చూసి ఏడుస్తావా ఏంటి?" అన్నాడు. తమాషాకే అన్నాడు. అయినా అక్క వెంటనే గాజు దగ్గర్నుంచి పక్కకు జరిగింది.

తర్వాతి గదిలో పెద్ద తెర మీద ఒకాయన చొక్కా మడతపెడుతున్నాడు. మడతపెట్టి, చూసి, విప్పి, మళ్ళీ మడతపెడుతున్నాడు. అంతే. నేను అక్కడ పాతుకుపోయాను. "చూడండి బావా, మడత ప్రతిసారీ ఒకేలా లేదు, గమనించారా?" అన్నాను. నిజానికి ఒకేలా ఉంది. బావ కాసేపు తెర వంక, కాసేపు నా వంక చూశాడు.

"నీకు ఒంట్లో బాగానే ఉందా?" అన్నాడు.

బాగానే ఉందన్నాను. ఆయన అప్పటికే తలుపు వైపు నడుస్తున్నాడు. నేను స్తంభం చాటుకు వెళ్ళి, నాన్న కూడా వచ్చారని బుల్లికి మెసేజ్ పెట్టాను. జవాబు వెంటనే వచ్చింది. "రానీ."

చివరి గది ముందు బల్ల వేసుకుని ఒక ఉద్యోగిని కూర్చుని ఉంది. లోపల ఖాళీ ఉంటేనే పంపిస్తుంది. తలుపు పక్కన చిన్న అట్ట మీద రాసి ఉంది: కూర్చోండి. మీ ఇల్లే అనుకోండి. కింద బుల్లి పేరు. బావ ఆ పేరును వేలితో తాకబోయి, ఉద్యోగిని చూస్తోందని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ క్షణంలో ఆయన ముఖంలో గర్వం ఉంది.

లోపల మామూలు ఇంటి గది. బల్ల, చుట్టూ కుర్చీలు, మూల టీవీలో ఏదో పాత సినిమా సన్నగా నడుస్తోంది. బల్ల మీద ముక్కలు పేర్చే బొమ్మ ఒకటి సగంలో ఉంది. అంతా ఆకాశమే, ఏ ముక్క ఎక్కడిదో తేలదు. అప్పటికే అక్కడ ఒక కాలేజీ కుర్రాడూ, అతని స్నేహితురాలూ కూర్చుని ముక్కలు పేరుస్తూ నవ్వుకుంటున్నారు. మాకు చోటిచ్చారు. ఎదురుగా గోడకు ఒక తలుపు, మూసి ఉంది.

బావ కుర్చీలో కూర్చుని చుట్టూ చూశాడు. "ఇదేంటి, మన బల్లలాగే ఉందే" అన్నాడు. బల్ల మా అక్కావాళ్ళది కాదు, కానీ ఆ పోలిక కోసం బుల్లి ఎన్ని పాతసామాన్ల దుకాణాలు తిరిగిందో నాకు తెలుసు. అక్క ఒక ముక్క చేతిలోకి తీసుకుంది. దాన్ని తిప్పుతూనే ఉంది. ఎక్కడా పెట్టలేదు.

అప్పుడు ఆ తలుపు అవతల, ఎక్కడో దూరంగా, స్కూటరు చప్పుడు మొదలైంది.

కుర్రాడూ, పిల్లా నవ్వు ఆపేశారు. వాళ్ళు ఇది అంతకుముందే ఒకసారి విన్నారని అర్థమైంది. ఆ పిల్ల వీపు నిటారుగా చేసుకుంది. చప్పుడు దగ్గరికొచ్చింది, మలుపు తిరిగింది, గేటు ముందు ఇంజను ఆగింది. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత స్టాండు. కాలితో ఈడ్చి తన్నిన స్టాండు. అడుగులు. తాళంచెవుల గుత్తి. తాళంలో చెవి పడిన చప్పుడు. అక్కడితో ఆగిపోయింది. తలుపు తెరుచుకోలేదు.

ఇదంతా నేను తర్వాత గుర్తుచేసుకున్నది. ఆ సమయంలో నేను చూస్తున్నది మా అక్క చేతుల్ని. స్టాండు చప్పుడు వినబడగానే ఆ చేతులు వాటంతటవే లేచాయి. రిమోట్ తీసుకుని టీవీ కట్టేశాయి. బల్ల మీది ముక్కల్ని గబగబా ఒక పక్కకు ఊడ్చాయి, ఆ పిల్లలు అంతసేపు పేర్చిన ఆకాశాన్నంతా. తర్వాత కొంగు సర్దాయి. అక్క కళ్ళు తలుపు మీదే ఉన్నాయి.

భర్త ఆవిడ పక్కనే, మోచెయ్యి తగిలేంత దగ్గరగా కూర్చుని ఉన్నాడు.

బావ ఆ చేతుల వంక చూశాడు. చాలాసేపు చూశాడు. "నేనిక్కడే ఉన్నాను కదా" అన్నాడు మెల్లగా.

"అవునండీ" అంది అక్క. తలుపు మీంచి చూపు మాత్రం తిప్పలేదు.

మళ్ళీ దూరంగా స్కూటరు మొదలైంది. ఈసారి స్టాండు మెత్తగా దిగింది. అక్క భుజాలు కిందికి జారాయి. ఆ కాలేజీ పిల్ల కూడా గట్టిగా ఊపిరి వదిలింది. ఆ పిల్లకూ ఈ స్కూటరుకూ ఏం సంబంధం? బావ ఆ పిల్ల వైపు తిరిగాడు. ఆయన మెడ మీద నరం లేచింది. ఆ నరం నాకు బాగా తెలుసు.

"ఇది నా స్కూటరే. సైలెన్సరు కింద ఆ గరగర నా బండిది. ఎవరు రికార్డు చేశారు?"

బుల్లి చేసిందని చెప్పడానికి నేను నోరు తెరిచాను. ఆ పని బుల్లిదనే నేను కూడా అనుకున్నాను.

"నేనే" అంది అక్క.

అక్క తల వంచుకుని, కానీ తడబడకుండా చెప్పింది. కూతురు ఫోన్‌లో ఎలా నొక్కాలో చూపించిందట. తను రోజూ సాయంత్రం వంటింటి కిటికీలో ఫోన్ పెట్టేదట. మంచిరోజులవీ, చెడ్డరోజులవీ రెండూ కావాలని బుల్లి అడిగిందట. "మెత్తనిది దొరకడానికే ఎక్కువ రోజులు పట్టింది" అంది.

బావ లేచాడు. కుర్చీ వెనక్కి పడింది. కుర్రాడు ఆ పిల్ల ముందుకు చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ చెయ్యిని కూడా బావ చూశాడు. గబగబా నడిచి ఎదురుగా ఉన్న తలుపు పిడి పట్టుకుని లాగాడు. బయటి నుంచి ఉద్యోగిని, దాన్ని ముట్టుకోకూడదండీ అంటూ వచ్చింది. తలుపు ఊడివచ్చినట్టు తెరుచుకుంది. అవతల ఏముంది? ఒక స్పీకరు, వైర్లు, తెల్లరంగు వేయని ఇటుకల గోడ. బావ ఆ గోడ వంక చూస్తూ నిలబడ్డాడు. స్పీకరులోంచి ఆయన స్కూటరు మళ్ళీ వస్తోంది, ఇప్పుడు ముఖం మీదే.

"తీసేయండి నాన్నా, పర్లేదు. వైరు లాగేస్తే ఆగిపోతుంది."

బుల్లి వెనక తలుపు దగ్గర నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. రెండు చేతులూ జేబుల్లో కుక్కుకుని ఉంది. ఉద్యోగినిని పంపించేసింది. ఆ పిల్లలిద్దరూ తమంతట తామే జారుకున్నారు.

బావ వైరు లాగలేదు. ఇటు తిరిగాడు. స్కూటరు మలుపు తిరిగింది, గేటు ముందు ఆగింది. మేం నలుగురం ఆ స్టాండు పడేదాకా ఆగాం. ఆయన కూడా ఆగాడు.

"నేను నిన్ను ఎప్పుడైనా కొట్టానా?" అన్నాడు.

"లేదు నాన్నా."

"మీ అమ్మని కొట్టానా?"

"లేదు."

"మరి?"

బుల్లి జేబుల్లోంచి చేతులు తీసింది. "ఈరోజు కొడతారేమో అనుకునేదాన్ని. రోజూ అనుకునేదాన్ని. కొట్టేసుంటే, అయిపోయేది" అంది.

నేను అరుపు కోసం ఎదురుచూశాను. ఆ గోదాములో ఆయన అరిస్తే గొడుగుల గది దాకా వినబడేది. ఆయన నోరు తెరిచాడు. ఏదో అనడానికే తెరిచాడు. అక్క ఒక అడుగు వేసి కూతురి పక్కకు వెళ్ళి నిలబడింది. ఊరికే నిలబడింది. బావ నోరు మూసుకున్నాడు. వంగి, పడిపోయిన కుర్చీని లేపి బల్ల దగ్గరికి జరిపి, బయటికి వెళ్ళిపోయాడు.

మమ్మల్ని వదిలేసి, మేం వచ్చిన డ్రైవింగు క్లాసుల కారు తీసుకుని పోయుంటాడనే అనుకున్నాను. పార్కింగులో కారు ఉంది. ఆయన బయట ఎండలో నిలబడి ఉన్నాడు. తాళాలు నా చేతిలో పెట్టాడు. "నువ్వు నడుపు" అన్నాడు. నేను ఒక మలుపులో ఇండికేటరు వేయడం మర్చిపోయినా ఏమీ అనలేదు. ఇంటి ముందు దిగి, పొద్దున్నే క్లాసుందని చెప్పి లోపలికి వెళ్ళాడు.

తుఫాను అప్పుడు రాకపోతే ఆ మర్నాడైనా వస్తుందని అక్క కాచుకుని కూర్చుంది. రాలేదు. ఇంకొకటి జరిగింది. స్కూటరు చప్పుడు ఆగిపోయింది. వీధి చివర టైర్ల దుకాణం ముందు బండి పెట్టేసి ఆయన నడిచి రావడం మొదలుపెట్టాడు. గేటు కూడా చప్పుడు కాకుండా తీసేవాడు. అక్క వంటింట్లోంచి తిరిగి చూస్తే వెనక మనిషి నిలబడి ఉండేవాడు. తప్పు చప్పుడుదని ఆయన అనుకున్నాడు. ఆవిడకు మాత్రం అంతకుముందు ఉన్న ఆ కాస్త హెచ్చరిక కూడా పోయింది. ఏ వేళ వస్తాడో, ఏ ముఖంతో వస్తాడో తెలియక మధ్యాహ్నం నుంచే గేటు వైపు చూస్తూ ఉండేదట. నాకు ఫోన్ చేసి, పాత గోలే నయంగా ఉంది తమ్ముడూ అంది.

ఆయనకే చెప్పమన్నాను. ఆవిడ నవ్వింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయనకు తను ఏదైనా చెప్పిన గుర్తు లేదంది.

అయినా చెప్పింది. ఒక సాయంత్రం గిన్నె చేతిలోంచి జారిపోయేలా ఉలిక్కిపడ్డాక, వెనక్కి తిరిగి, "మీరు బండి మీదే రండి. దొంగలా రాకండి. వచ్చాక అరవాలనుంటే గేటు బయటే నిలబడి కోపం తగ్గించుకుని రండి" అందట. తన గొంతు తనకే కొత్తగా వినబడిందట. ఆయన గోడకు ఆనుకుని, దొంగలా అన్న మాట దగ్గరే ఆగిపోయి, కాళ్ళకున్న చెప్పుల వంక చూసుకున్నాడట. ఆ రాత్రి భోజనం మానేశాడు. పాత పద్ధతిలో అలిగే మానేశాడో, ఆకలి లేక మానేశాడో అక్కకు తెలియలేదు. తెలుసుకోవడానికి లేవలేదు కూడా. తను తిని పడుకుంది.

మర్నాటి నుంచి స్కూటరు గేటు దాకా వచ్చింది. కొన్ని రోజులు ఇంజను ఆగాక చాలాసేపు అడుగులు వినబడేవి కావు. అక్క కిటికీలోంచి చూస్తే ఆయన బండి పక్కన ఊరికే నిలబడి ఉండేవాడు. అలా నిలబడి కూడా లోపలికొచ్చి అరిచిన రోజులున్నాయి. అరవడం మొదలుపెట్టి, బల్ల అవతల భార్య కూర్చుని అన్నం తింటూనే ఉండటం చూసి, మాట మర్చిపోయిన రోజులూ ఉన్నాయి. మనిషి మారాడా అని అడిగితే అక్క ఆలోచించి, "నేను లేవడం మానేశాను" అంటుంది. ఆయన సంగతి ఆయన్నే అడగమంటుంది.

ప్రదర్శన ముగిసిన రోజు గది ఖాళీ చేయాలి. బల్లా కుర్చీలూ మోయడానికి రమ్మని బుల్లి నన్ను పిలిచింది. ఒక చిన్న లారీ మాట్లాడుకుని వెళ్ళాను. నేను చేరేసరికే బావ అక్కడున్నాడు. ఎవరు చెప్పారో నేను అడగలేదు. తాడు కూడా తెచ్చుకున్నాడు. తండ్రీ కూతురూ బల్లకు చెరోవైపు పట్టుకుని బయటికి తెస్తున్నారు. మెట్ల దగ్గర బరువంతా తనవైపు రావడానికి బావ తన అంచును కిందికి దించి, పిల్ల దిగేదాకా అలాగే ఆగాడు.

బల్ల ఎక్కించాక తాడు బిగిస్తూ, అటు తిరిగే అడిగాడు. "ఇది ఎక్కడ పెడతావు? మీ గదిలో చోటు లేదంటగా. ఇంటికి తీసుకెళ్దామా?"

బుల్లి చేతికంటిన దుమ్ము ప్యాంటుకు తుడుచుకుంది. "వద్దు నాన్నా" అంది.

బావ చెయ్యి ముడి మీద ఆగింది. ఆ నరం లేస్తుందేమోనని నేను ఆయన మెడ వైపే చూస్తున్నాను.

"సరే" అన్నాడు. ముడిని ఇంకోసారి లాగి చూసి, పక్కకు తప్పుకుని, ఎటు పోవాలో డ్రైవరుకు బుల్లినే చెప్పమన్నాడు.